తరగతంతా వేసుకున్న సూది

మొదటి రోజు పది గంటలైనా ఒక్కరు కూడా మా బల్ల దగ్గరికి రాలేదు.

సౌదీ అరేబియాలో ఖమీస్ ముషైత్ ఊరి చివర ఉన్న ఆడపిల్లల కాలేజీ అది. లైబ్రరీ పక్కనున్న హాల్లో మాకు రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, ఎవరికైనా కళ్లు తిరిగితే పడుకోబెట్టడానికి ఒక మంచం ఇచ్చారు. టీకా మందున్న ఐసు పెట్టె నా కాళ్ల దగ్గర ఉంది. పక్క బల్ల దగ్గర మా డాక్టరమ్మ కూర్చుంది. సూడాన్ దేశస్థురాలు, నాకంటే పదేళ్లు పెద్దది, ఎంత తొందర పనినైనా నిదానంగా చేసే మనిషి. ఇద్దరం ఒకే ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాం. ఆ ఏడాది మా చుట్టుపక్కల తట్టు కేసులు కొన్ని కనిపించాయి. చిన్నప్పుడు రెండు డోసులు పడినట్టు కాగితం చూపించలేని విద్యార్థినులందరికీ తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఉన్న టీకా వెయ్యమని మమ్మల్ని వారం రోజులకు అక్కడికి పంపారు.

అమ్మాయిలు గుంపులుగా వస్తున్నారు. తలుపు మీద అంటించిన నోటీసు చదువుతున్నారు. అక్కడే నిలబడి అమ్మలకు ఫోన్ చేస్తున్నారు. అమ్మలేమో అన్నీ ఎప్పుడో వేయించేశాం అంటున్నారు. కార్డు చూపించమంటే కార్డు లేదు. ఇల్లు మారినప్పుడు పోయిందొకరికి, తమ్ముడు చింపేశాడొకరికి. ఈ మాటలన్నీ గుమ్మం దగ్గరే అయిపోతున్నాయి కానీ లోపలికి ఎవరూ అడుగు పెట్టడం లేదు.

నాది కోనసీమ. అమలాపురం దగ్గర పల్లె. ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు. వచ్చినప్పుడు నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. నాకు ఆ భాష నేర్పింది మా ఆరోగ్య కేంద్రానికి బీపీ చూపించుకోడానికీ, పుండుకు కట్టు మార్పించుకోడానికీ కొండ దిగువ పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు. వాళ్లు ఎలా అంటే నేనూ అలాగే అన్నాను. చదువుకున్నవాళ్లు 'అల్' అనే చోట ఆ పల్లెల్లో 'అమ్' అంటారని నాకు చాలాకాలం తెలియదు. ఊరందరికీ తలుపు 'అల్ బాబ్' అయితే నాకది 'అమ్ బాబ్'.

కూర్చుని కూర్చుని విసుగొచ్చి, నేనే లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను. "రండమ్మా, అమ్ ఇబ్రా చాలా చిన్నది. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అన్నాను. ఇబ్రా అంటే సూది.

వరండా అంతా ఒక్కసారిగా నావైపు తిరిగింది. ఆ తర్వాత నవ్వులు. ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాకు మొదట అర్థం కాలేదు. డాక్టరమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు ఒకామె శ్రీకాకుళంలో మన పక్కన నిలబడి "ఏటమ్మా, ఒల్లు బాగోలేదేటి" అంటే మనకెలా ఉంటుందో వాళ్లకు అలా ఉందన్నమాట.

కళ్లజోడు పెట్టుకున్న పొడుగాటి అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. "మా అమ్మమ్మ ఇలాగే అంటుంది. మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"మీ అమ్మమ్మే నేర్పి ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు మా దగ్గరికే వస్తుందేమో కనుక్కో" అన్నాను.

"అయితే చంద్రుణ్ని ఏమంటారో చెప్పండి."

"చెబుతాను. ముందు చెయ్యి చాపు."

ఆ అమ్మాయి నవ్వుతూనే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. అడగాల్సినవన్నీ అడిగాను. జ్వరం ఉందా, ఇంతకుముందు ఏ సూదికైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, కడుపుతో ఉన్నావా, వచ్చే నెలలో కడుపొచ్చే అవకాశం ఉందా. అన్నింటికీ లేదంది. సూది వేసి, దూది పెట్టి, "అమ్ గమర్" అన్నాను. చంద్రుడికి ఆ పల్లెల మాట అదే. గుమ్మం దగ్గర మళ్లీ నవ్వులు. అప్పటి నుంచి ఒక మాటకు ఒక చెయ్యి అన్నది మా ఒప్పందమైపోయింది. నీళ్లను ఏమంటారు, రొట్టెను ఏమంటారు, ఎండను ఏమంటారు అని ఒక్కొక్కరూ అడగడం, చెయ్యి చాపడం. మధ్యాహ్నానికి నా గొంతు పోయింది. నేను వచ్చిన ఇన్నేళ్లలో ఉద్యోగం చేస్తూ అంతగా నవ్విన రోజు మరొకటి లేదు.

మా వ్యాన్ నడిపేది జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి. ఆడపిల్లల కాలేజీ కాబట్టి ఆయన్ని గేటు లోపలికి రానివ్వరు. బయట చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ దారిలో కోతులెక్కువ. పెద్ద పెద్ద కొండకోతులు. ఎవరైనా నీరసపడితే ఇవ్వడానికి మేం తెచ్చుకున్న జ్యూసు డబ్బాల పెట్టెను అవి లాక్కెళ్లకుండా కాపలా కాయడం ఆ వారం ఆయనకు అదనపు పని.

"ఏమాయె చెల్లె, ఒస్తుండ్రా పోరగాండ్లు?" అని అడిగాడు మేం బయటికి రాగానే.

"పొద్దున్న ఎవరూ రాలేదండి అన్నయ్యా. తర్వాత ఆగితే ఒట్టు" అన్నాను.

దారిలో బండి నడుపుతూ, "ఇది చిన్న పిలగాండ్ల సూది గదా. గింత పెద్దోళ్లకెందుకు?" అన్నాడు.

చెప్పాను. చిన్నప్పుడు ఒక డోసు పడి రెండోది మర్చిపోయినవాళ్లు, అసలు పడనివాళ్లు పెద్దయ్యాక ఒకే గదిలో, ఒకే బస్సులో కూర్చుంటారు. అప్పుడు తట్టు ఒకరికొస్తే పక్కవాళ్లను వదలదు. రుబెల్లా అయితే మనిషిని పెద్దగా బాధపెట్టదు, మూడు రోజుల్లో పోతుంది. కానీ అది కడుపుతో ఉన్నామెకు మొదటి నెలల్లో సోకిందంటే లోపలున్న బిడ్డ కంటినో చెవినో గుండెనో పట్టుకుంటుంది.

ఆయన అద్దంలోంచి నావైపు చూశాడు. "మా బిడ్డ గూడ కరీంనగర్ల హాస్టల్ల ఉండి డిగ్రీ సదువుతాంది. దానికి ఏసినమో లేదో నాకు యాదికి లేదు చెల్లె. అది పుట్టినప్పుడు నేను ఈడనే ఉన్న."

"వదిన్ని అడగండి. ఆవిడకీ గుర్తు లేకపోతే అక్కడి డాక్టర్ని అడిగి వేయించుకోమనండి. పెద్దయ్యాక వేసుకున్నా పనిచేస్తుంది."

"నువ్వే మాట్లాడు తల్లి దానితోని. నేను చెప్తే ఇనదు."

మర్నాడు పొద్దున వ్యాన్ ఎక్కగానే ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. ఆ పిల్ల గొంతు తండ్రి గొంతులాగే గంభీరంగా ఉంది. అంతా విని, "ఆంటీ, మా రూముల ఆరుగురం ఉంటం. అందరం పోవచ్చా?" అని అడిగింది. అందరూ వెళ్లమన్నాను. ఆరుగురూ ఆ శనివారమే వెళ్లారట. ఎవరూ ఏడవలేదనీ, అందులో ఒకతె తనను ఏడిపించడానికి ఏడ్చినట్టు నటించిందనీ కూతురు చెప్పిన సంగతి ఆయన మాకు రెండు రోజులు చెప్పాడు.

కొత్త పెళ్లికూతురు వచ్చింది మూడో రోజు. చేతుల మీద గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. వెనకాల ముగ్గురు స్నేహితురాళ్లు. ఆ పిల్లే అందరికంటే ధైర్యంగా చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుంది. జ్వరం లేదంది, దద్దుర్లు రావంది. కడుపుతో ఉన్నావా అంటే తల అడ్డంగా ఊపింది. చివరిసారి బయట చేరింది ఎప్పుడని అడిగాను. వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చేతికి వెళ్లింది, మధ్యలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

నేను సీసా కూడా తెరవలేదు. "ఇవాళ వద్దమ్మా" అన్నాను మెల్లగా.

ఆమె ముఖం చిన్నబోయింది. "నేను భయపడి లేచిపోయానని అనుకుంటారు" అంది స్నేహితురాళ్ల వైపు చూస్తూ.

"నువ్వు భయపడలేదని నేను చెబుతాను. ఈ టీకాలో బలహీనం చేసిన బతికున్న క్రిమి ఉంటుంది. కడుపులో బిడ్డ ఉందన్న అనుమానం ఉన్నా వెయ్యం. ముందు పరీక్ష చేయించుకో."

డాక్టరమ్మ పక్కకు పిలిచి చీటీ రాసిచ్చింది. ఆ పిల్ల ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయింది. ఆ రోజంతా నాకు పని మీద మనసు లేదు. నేను అడిగిన తీరు గట్టిగా ఉందేమో, నలుగురి ముందూ అలా అడగకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. సాయంత్రమే బల్ల పక్కన ఒక తెర కట్టించుకున్నాం. ఆ తర్వాత ఎవరిని ఏమడిగినా తెర వెనకాలే అడిగాం.

మర్నాడు ఉదయం మేం పెట్టె దించేసరికి ఆమె హాలు బయట నిలబడి ఉంది. ఒంటరిగా. నన్ను చూడగానే నవ్విందో ఏడ్చిందో నేను సరిగా చెప్పలేను. రెండూ ఒకేసారి చేసింది. నా చెవి దగ్గరికి వచ్చి, "ఉంది" అంది. ఒకటే మాట. నేను సంచీ కింద పెట్టేసి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఇంకా ఎవరికి చెప్పావని అడిగాను. మొగుడికి చెప్పిందట, అమ్మకు చెప్పిందట. "మూడో మనిషి మీరే" అంది.

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. రుబెల్లాకు ఒంట్లో రక్షణ ఉందో లేదో రక్తపరీక్ష చేస్తారనీ, లేకపోతే ప్రసవమయ్యాక టీకా వేస్తారనీ, అప్పటిదాకా జ్వరం, దద్దుర్లు ఉన్నవాళ్లకు దూరంగా ఉండాలనీ చెప్పింది. ఆ పిల్ల అన్నీ శ్రద్ధగా విని, "మా తరగతిలో ఎవరికైనా వస్తే?" అని అడిగింది.

"వాళ్లు టీకా వేసుకుంటే వాళ్లకు రాదు. వాళ్లకు రాకపోతే నీ దాకా రాదు" అంది డాక్టరమ్మ. "వాళ్లకు వేస్తే నీకు గోడ కట్టినట్టే."

ఆమె నావైపు తిరిగింది. "అలాంటి బిడ్డను మీరెప్పుడైనా చూశారా?"

చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. మంచి కబురు విన్న రోజున భయపెట్టడం ఇష్టం లేదు. కానీ అడిగింది కాబట్టి అబద్ధం చెప్పలేకపోయాను.

మా అక్కకు మూడో నెలలో ఒళ్లంతా సన్నటి ఎర్రని పొక్కులు వచ్చాయి. వేడి చేసిందన్నారు, వేపాకు నీళ్లు పోశారు. మూడు రోజుల్లో తగ్గిపోయింది, అందరం మర్చిపోయాం. పాప చక్కగా పుట్టింది. ఏడాది దాటాక తెలిసింది ఆ పిల్లకు వినిపించదని. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. తర్వాత నర్సింగులో మా టీచరు రుబెల్లా గురించి చెబుతుంటే, పుస్తకంలో రాసుకుంటున్నదాన్ని ఆగిపోయాను. ఒక సూది ఉందనీ, అది అక్కకు పెళ్లికి ముందే వేసి ఉండొచ్చనీ ఆ రోజు తెలిసింది. మా పల్లెలో ఎవరికీ తెలియని సంగతి అది. అందుకే నేను టీకా వేసే చోటికి ఎక్కడికి పొమ్మన్నా కాదనను.

"ఇప్పుడు ఆ అమ్మాయి ఎలా ఉంది?" అంది పెళ్లికూతురు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

నేను ఫోన్ తీసి మా అక్క కూతురి వీడియో చూపించాను. కాకినాడలో పెళ్లి ఆల్బములు డిజైన్ చేసే చోట పనిచేస్తుంది. ఆ వారమే పంపింది వీడియో. సెలవు పెట్టి ఎందుకు రావడం లేదని నన్ను చేతులతో తిడుతోంది. ఆమె చేతులతో తిట్టినంత వేగంగా నోటితో ఎవరూ తిట్టలేరు. చివర్లో నా నడకను వెక్కిరించి చూపించింది. పెళ్లికూతురు ఫక్కున నవ్వి, మళ్లీ వేయమని, మళ్లీ చూసి, "ఈమెకు నా సలాం చెప్పండి" అంది. అక్కడే నేర్పించుకుని, చేత్తో ఎలా పలకరించాలో చేసి చూపించింది. ఆ పలకరింపును వీడియో తియ్యనిచ్చింది, ముఖం లేకుండా చేతులు మాత్రం. కాకినాడ నుంచి పావుగంటలో జవాబు వచ్చింది. గోరింటాకు డిజైను తనకు కావాలట.

ఆమె వెళ్లేముందు ఒక మాట చెప్పాను. "మీ స్నేహితురాళ్లకు ఇప్పుడే చెప్పాలని లేదమ్మా. మా వైపు కూడా మూడు నెలలు దాటేదాకా చాలామంది చెప్పరు. నీ ఇష్టం."

ఆలోచించుకుని చెబుతానంది. పన్నెండు గంటలప్పుడు వరండాలో పెద్ద సందడి వినిపించి తల ఎత్తాను. ఆమె ముందు నడుస్తోంది, వెనకాల ఆమె తరగతి మొత్తం వరసగా వస్తోంది. ఒకమ్మాయి చేతిలో మిఠాయి పెట్టె. అప్పటిదాకా మా అమ్మ వద్దంది, రేపు పరీక్ష ఉంది అన్నవాళ్లే. కళ్లజోడు అమ్మాయి ఆ వరస పక్కనే నడుస్తూ పేర్లు సరిచూస్తోంది. తనకు మొదటి రోజే అయిపోయింది కాబట్టి పెత్తనం తనది.

"మా చెల్లెలి కొడుకు కోసం" అని మొదటి అమ్మాయి కుర్చీలో కూర్చుంది.

"కొడుకు కాదు, కూతురు" అంది వెనకాల అమ్మాయి. ఆ వాదన వరస చివరిదాకా సాగింది.

ఒక్కతె మాత్రం మెట్ల కింద దాక్కుంది. సూదంటే ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ప్రాణభయమట. ఇద్దరు వెళ్లి తీసుకొచ్చారు. కుర్చీలో కూర్చోగానే కళ్లు గట్టిగా మూసేసుకుంది. బలవంతం చెయ్యం, భయంగా ఉంటే వెళ్లిపో అన్నాను. వెళ్లనంది. "మీ భాషలో ఏదైనా మాట్లాడండి. నాకు అర్థం కానిది. అది వింటూ ఉంటాను" అంది.

"ఏవే పిల్లా," అని మొదలుపెట్టాను, మా అక్క కూతురితో మాట్లాడినట్టు. "ఇంత పెద్ద కళ్లేసుకుని ఇంత చిన్న సూదికి బెదురుతావేంటే. మా ఊళ్లో ఉంటే నిన్ను గోదారి రేవులో పడవెక్కించి తిప్పేదాన్ని. పులస చేప వండి పెట్టేదాన్ని. ముల్లు తీసుకోవడం వచ్చా నీకు? రాదు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. సరే, నేనే తీసి పెడతాన్లే. ఇదిగో, అయిపోయింది."

ఆఖరి మాట కూడా ఆమెకు అర్థం కాలేదు. కళ్లు మూసుకునే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడితే తెరిచి, చెయ్యి చూసుకుని, "ఎప్పుడు వేశారు?" అంది. నేను చెప్పినదంతా చేపల కూర గురించని తెలిశాక ఆమె నవ్వు ఆపలేకపోయింది. సూది తర్వాత పావుగంట అక్కడే కూర్చోవాలన్నది మా నియమం. ఆ పావుగంటలో ఆమె నా దగ్గర పులస అన్న మాట నేర్చుకుంది.

ఆ సాయంత్రం ఖాళీ పెట్టె వ్యాన్‌లో పెడుతుంటే డ్రైవరన్న వింతగా చూశాడు. "మొత్తం ఒడ్సినయా?"

"ఒక్క సీసా మిగల్లేదండి."

ఆయనకు మిఠాయి ఇచ్చి సంగతి చెప్పాను, ఎవరి పేరూ లేకుండా. తినకుండా కాసేపు చేతిలో పట్టుకుని, "మంచి పోరగాండ్లు చెల్లె" అన్నాడు.

నాలుగు వారాల తర్వాత రెండో డోసు వెయ్యడానికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఎవరినీ పిలవాల్సిన పని లేదు. పెళ్లికూతురి రక్తపరీక్షలో రుబెల్లా రక్షణ లేదని తేలిందట. ఆ తరగతి పిల్లలు మాత్రం అప్పటికే తమ ఏర్పాట్లు చేసుకున్నారు. ఆమె కుర్చీ కిటికీ పక్కకు మార్చారు. ఎవరికి ముక్కు కారినా ఆ రోజు ఇంట్లో ఉండాలని కట్టడి. ఒక లెక్చరర్ దగ్గుతూ వస్తే కళ్లజోడు అమ్మాయి లేచి, మర్యాదగానే, మాస్కు ఇచ్చిందట. ఆవిడ కోప్పడకుండా పెట్టుకుంది. ఆ పని నవ్వుతూ చేశారు కానీ ఒక్క రోజూ మానలేదు. నెలలు గడిచాయి. చుట్టుపక్కల కేసులు కూడా తగ్గిపోయాయి. ఆ తరగతిలోకి ఏదీ రాలేదు.

ఆమె ప్రసవమైన సంగతి నాకు ముసలమ్మల ద్వారా తెలిసింది. మా కేంద్రానికి వచ్చే ఒకావిడ ఆమెకు నాయనమ్మ వరస అవుతుందట. ఆడపిల్ల అని, పాపా తల్లీ బాగున్నారని, ఆసుపత్రిలోనే చెవులు పరీక్ష చేసి బ్రహ్మాండంగా ఉన్నాయన్నారని చెప్పింది. ఆ మాట వినగానే నేను బీపీ మిషన్ పట్టీ ఆవిడ చేతికి చుట్టి గాలి కొట్టడం మర్చిపోయాను.

నలభై రోజులు దాటాక ఒక ఉదయం ఆమె తనే వచ్చింది. ఒంటి మీద నల్లని అబాయా, చంకలో తెల్లని గుడ్డలో చుట్టిన పాప, పక్కన కళ్లజోడు అమ్మాయి. డాక్టరమ్మ రాసిన చీటీ బల్ల మీద పెట్టి, "నా వంతు" అంది. పాలిచ్చే తల్లికి ఈ టీకాతో ఇబ్బంది లేదు. అయినా అడగాల్సిన ప్రశ్నలన్నీ మళ్లీ అడిగాను. అన్నింటికీ జవాబు చెప్పి, ఈసారి వేళ్లు మడవకుండానే, చెయ్యి చాపింది.

"పాపను పట్టుకుంటారా?" అంది సూది అయ్యాక. "పావుగంట కూర్చోవాలి కదా."

తీసుకున్నాను. పాలు తాగి నిద్రపోతోంది. పిడికిలిలో నా యూనిఫాం అంచు పట్టుకుంది. వాళ్లిద్దరూ నాలుగో ఏడాది పరీక్షల గురించి మాట్లాడుకుంటున్నారు. పాప ఎవరి పోలికో అని మధ్యలో నన్ను అడిగారు. వాళ్ల తరగతి మొత్తం పోలిక అన్నాను. డాక్టరమ్మ తన గదిలోంచి తొంగి చూసి, చూడనట్టు వెళ్లిపోయింది. పావుగంట అయిపోయింది. బయట టోకెన్ నంబరు పిలుస్తున్నారు. నేను ఇంకో ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నాను.